గరాజ్ గడపలో నా సగం

ఆ రోజుల్లో అని ఎవరైనా మొదలుపెడితే వినేవాళ్లకి నిక్కర్లూ, పలకా బలపాలూ గుర్తొస్తాయి. నా 'ఆ రోజులు' మాత్రం అరవై దాటాక వచ్చాయి. అంతకుముందు నాకు యవ్వనం లేదని కాదు. ఉండే ఉంటుంది. కానీ అది పొద్దున్నే నేపర్‌విల్ నుంచి షికాగోకి వెళ్లే రైల్లో, ఒళ్లో లంచ్ బాక్స్ పెట్టుకుని కూర్చునీ కూర్చునీ, ఏదో స్టేషన్‌లో నాకు చెప్పకుండా దిగిపోయింది. ఒక బీమా కంపెనీలో లెక్కలు సరిచూసే ఉద్యోగం నాది. రిటైరైన మర్నాడు ఎప్పటిలాగే లేచి, గడ్డం గీసుకుని, టై కట్టుకుని మెట్లు దిగి వస్తే మా ఆవిడ ఎగాదిగా చూసి, "ఎవరి పెళ్లికి?" అంది. ఆ క్షణంలో మొదలైంది నా రెండో యవ్వనం. కుర్రాళ్లు చేసే పిచ్చిపనులన్నీ వరసగా చేశాను. గిటార్ కొన్నాను (రెండు తీగలు తెగాయి. మూడోది తెగేలోపు మా ఆవిడ దాన్ని ఎవరికో ఇచ్చేసింది). మీసం పెంచి తీసేశాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ జన్మలో ఒక్క చేతిపనైనా నేర్చుకుని మా బావ చేత శభాష్ అనిపించుకోవాలని కంకణం కట్టుకున్నాను.

బావ అంటే మా అక్క భర్త. నాకంటే ముందు ఈ దేశం వచ్చి, ఒక యంత్రాల ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. ఇనుప ముక్కను వేలితో ఒక్కసారి రాస్తే చాలు, ఎక్కడ వెంట్రుక మందం ఎక్కువుందో చెప్పేసేవాడు. అలాంటి మనిషికి నాలాంటి బావమరిది దొరకడం ఆయన అదృష్టమో నా దురదృష్టమో తెలియదు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక గాజు గోళీ ఉండేది. ఎవరింటికి వెళ్లినా బల్ల మీదో, అలమరా మీదో అది పెట్టి, దొర్లుతుందా లేదా అని చూసేవాడు. నేపర్‌విల్ ఇంట్లో నా స్వహస్తాలతో పుస్తకాల అర బిగించి ఆయన్ని పిలిచాను ఒకసారి. పదిమంది అతిథుల ముందు గోళీ తీసి పెట్టాడు. అది ఒక్క క్షణం కూడా ఆలోచించుకోకుండా దొర్లి, కింద పడి, సోఫా కిందికి పోయింది. "ఒరేయ్, నీ చేతికి పెన్ను తప్ప ఇంకేం పట్టదురా. దేవుడు ఆ చేతులు డైరీ రాసుకోవడానికే ఇచ్చాడు," అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువగా మా ఆవిడ నవ్వింది.

రిటైరయ్యాక బావ, నేపర్‌విల్ దాటి పడమరగా వెళితే మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట, కొంచెం నేలతో సహా పాత ఇల్లొకటి కొన్నాడు. ఆ ఇంటి పక్కనే ఒక పోల్ బార్న్ ఉండేది. లావాటి చెక్క స్తంభాలు నేలలో పాతి, చుట్టూ రేకులు బిగించి కట్టే కొట్టం అన్నమాట. పునాది గోడలుండవు. లోపల మట్టీ కంకరా తప్ప నేల కూడా ఉండేది కాదు. దాన్ని గరాజ్‌గా మార్చి, ఒక మూల వడ్రంగం బల్ల వేసుకోవాలని ఆయన కల. వేసవిలో కాంక్రీటు లారీ పిలిపించి, మనుషుల్ని పెట్టి నేలంతా పోయించాడు. కానీ పెద్ద తలుపు దగ్గర, రెండు కార్లు పక్కపక్కన పట్టేంత వెడల్పున, చివరి అంచు మాత్రం పోయనివ్వలేదు. పనివాళ్లు ఎంత చెప్పినా వినలేదట. "అంచు నేను చేసుకుంటాను" అని ఒకటే మాట.

ఎందుకో నాకు హార్డ్‌వేర్ షాపు పార్కింగ్ లాట్‌లో తెలిసింది. కాంక్రీటు బస్తాలు, నీళ్లు కలిపితే చాలు అనే రకం, ట్రక్కులోకి ఎక్కించుకున్నాం. బావ స్టీరింగ్ ముందు కూర్చుని తాళంచెవి పెట్టబోయాడు. అది కన్నం చుట్టూ తిరుగుతోంది గానీ లోపలికి వెళ్లడం లేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, అప్పుడు పెట్టాడు.

"చూశావుగా," అన్నాడు.

"చలి కదా బావా," అన్నాను. సెప్టెంబరు ఎండ అద్దంలోంచి మా ఇద్దరినీ కాలుస్తోంది.

"పార్కిన్సన్స్ అన్నాడురా డాక్టర్. ఇప్పుడిప్పుడే మొదలు. మందులున్నాయిట. మీ అక్కకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

ఏం మాట్లాడాలో తెలియనప్పుడు నేను ప్రణాళిక వేస్తాను, అది నా జబ్బు. "సెకండ్ ఒపీనియన్ తీసుకుందాం, నాకు తెలిసిన..." అని మొదలుపెట్టాను.

"ఒపీనియన్ కాదు, నాకు కావలసింది ఆ అంచు," అన్నాడు బావ. "ముప్ఫై ఏళ్లు ఈ చేత్తో చేసినవన్నీ ఎవరెవరివో మెషీన్లలోకి పోయాయి. ఏది ఎక్కడుందో కూడా తెలియదు. నాదని చూపించుకోడానికి ఒక్కటి ఉండాలి. ఇది మాట వింటున్నప్పుడే చేసెయ్యాలి." ఇది అంటూ ఆ కుడి చేతిని, పక్కన కూర్చున్న ఎవరినో పరిచయం చేస్తున్నట్టు, నాకు చూపించాడు.

ఇంటికొచ్చాక అసలు రభస మొదలైంది. అక్క కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి, తలుపు దగ్గర మేం బిగించిన చెక్క బద్దల్ని చూసి, "గడప ఏదిరా?" అంది.

"గరాజ్‌కి గడపేమిటే? కారు వచ్చిపోయే దారి. అంచు బయటికి వాలుగా ఉండాలి," అన్నాడు బావ.

"దసరాకి కారుకి పూజ చేయిస్తారు, నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆ కారుండే చోటికి గడప మాత్రం అక్కర్లేదా? గడప లేని గుమ్మంలోంచి లక్ష్మి ఎలా వస్తుందండీ?"

"రిమోట్ నొక్కుకుని వస్తుంది."

అక్క నావైపు తిరిగింది. "ఏరా, నువ్వు చెప్పు. చదువుకున్నవాడివి." ఇక్కడే నా బుద్ధి పెడదారి పట్టింది. నేను అన్ని కోణాల నుంచీ ఆలోచించి, ముగ్గురూ ముచ్చటపడేలా తీర్పు చెప్పాను: వాన బయటినుంచి లోపలికి వస్తుంది కాబట్టి, తలుపు దిగే చోటుకి లోపలివైపు రెండు వేళ్ల ఎత్తున గట్టులా పోస్తే వాననీళ్లు ఆగుతాయి, అక్కకి గడప దక్కుతుంది, కారు ఎలాగూ ఎక్కి దిగిపోతుంది. ఎంత బాగా చెప్పానంటే నాకే ముచ్చటేసింది. బావ నన్నూ, అక్కనూ మార్చి మార్చి చూసి, "అక్కాతమ్ముళ్లు కలిశాక ఇంజనీరింగ్ ఎవడిక్కావాలి! కానివ్వండి," అన్నాడు. (నీళ్లు బయటినుంచే కాక లోపలినుంచి కూడా రావచ్చునన్న సంగతి ఇలినాయిలో అన్ని చలికాలాలు గడిపిన నా బుర్రకు తట్టలేదు. దాని గురించి తర్వాత.)

మర్నాడు పొద్దున్నే దిగాం. బావ పందెం పెట్టాడు. గడపకి సరిగ్గా మధ్యలో గీత గీసి, ఎడమ సగం ఆయన, కుడి సగం నేను. "ముప్ఫై ఏళ్ల బట్టీ చూస్తున్నాను, ఇవాళ తేల్చుకుందాం రా," అంటూ చేతులు రుద్దుకున్నాడు. తోపుడుబండిలో కాంక్రీటు కలిపాం, పోశాం, చెక్కతో చదును చేశాం. ఆ తర్వాత పైన తేలిన నీరు ఇంకిపోయేదాకా ఆగాలి. అప్పుడు అంచు తీయాలి. దానికొక చిన్న తాపీ ఉంటుంది, ఒక పక్క కిందికి వంగి. దాన్ని తడి కాంక్రీటు అంచు వెంట ఒకే ఒత్తిడితో, ఒకే ఊపున జరుపుకుంటూ పోతే పదునైన అంచు గుండ్రంగా, నున్నగా తిరుగుతుంది. చేయి ఎక్కడ ఆగితే అక్కడ గంటు, ఎక్కడ ఒరిగితే అక్కడ వంకర. బావ ఒకసారి గాల్లో చేసి చూపించాడు. గాల్లో అది ఎంతో బాగా వచ్చింది.

నేను నా సగం ముందు ఒక చెక్క పలక వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. అంచు తిన్నగా రావడానికి బద్ద వెంట దారం కట్టుకున్నాను. నాలుక బయట పెట్టాను (అది లేకుండా నాకు ఏ పనీ సాగదు). కాంక్రీటు కొంచెం గరుగ్గా అనిపిస్తే డబ్బాలోంచి నాలుగు చుక్కల నీళ్లు చల్లి రాశాను. అబ్బ, వెన్నలా జారింది. ఇంకాస్త చల్లాను. ఇంకాస్త రాశాను. మధ్యలో పలక మీంచి జారి ఎడమ బూటు మడమ దాకా తడి కాంక్రీటులో దిగబడితే, బూటును అక్కడే వదిలి కాలు లాక్కుని, బూటు తర్వాత పీక్కుని, ఆ గుంట పూడ్చి, ఒంటి బూటుతోనే పని పూర్తి చేశాను. లేచి చూసుకుంటే నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. తిన్నగా ఉంది! దారం పక్కన ఇంకో దారంలా ఉంది. జీవితంలో మొదటిసారి నేను చేసిన వస్తువు నేననుకున్నట్టు వచ్చింది. "బావా! గోళీ తియ్యి!" అని కేకేస్తూ తిరిగాను.

బావ ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టును పట్టుకుని, రెండు చేతులతో తాపీని తోస్తున్నాడు. తాపీ వెళుతోంది, వణుకుతోంది, ఆగుతోంది, మళ్లీ వెళుతోంది. ఆయన వెనకాల అంచంతా సన్నటి అలలు. నీటి మీద గాలి వీచినప్పుడు వచ్చేలాంటివి. చివరిదాకా వచ్చి, వెనక్కి చూసుకుని, మళ్లీ మొదటికి పోయి ఇంకోసారి తీశాడు. అలలు పోలేదు, స్థలాలు మారాయి. మూడోసారి పోబోయి ఆగాడు. కాంక్రీటు బిగుసుకుపోతోంది. తాపీని పక్కన పెట్టి, జేబులోంచి గోళీ తీసి, కుంటుకుంటూ నా సగం దగ్గరికి వచ్చి దాని మీద పెట్టాడు. గోళీ కదల్లేదు. ముప్ఫై ఏళ్లుగా నేను ఎదురుచూసిన నిమిషం అది. అది కాస్తా దొర్లి ఎక్కడికైనా పోతే బాగుండునని నేను దేవుణ్ణి కోరుకోవడం కూడా అదే మొదటిసారి.

"శభాష్‌రా," అన్నాడు బావ.

అంతలో అక్క బయటి నుంచి వచ్చింది, చేతిలో ఉప్మా గిన్నె, వెనకాలే సెలవుకి ఇంటికొచ్చిన మేనకోడలు. "అయ్యిందా? ఏదీ?" అంటూ వంగి చూసి, "ఇటు ఇంత చక్కగా ఉంది, అటు ఏమిటలా వంకరటింకరగా ఉంది? ఏది ఎవరిది?" అంది.

బావ నోరు తెరిచాడు. ఏం చెప్పేవాడో నాకు తెలియదు. నేనే ముందు అందుకున్నాను. "తిన్నగా ఉన్నది బావది. వంకరది నాది. చెయ్యి అలవాటు లేదు కదే," అన్నాను.

"చెప్పాలా! పలక మీద అక్షరం తిన్నగా రాయలేనివాడివి," అని అక్క తిట్టుకుంటూ గిన్నె కింద పెట్టింది. మేనకోడలు తన అమెరికన్ తెలుగులో, "మామయ్యా, ఇది గడప ఆ, రోలర్ కోస్టర్ ఆ?" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. బావ మాత్రం చేతులు కడుక్కోవాలని చెప్పి పంపు దగ్గరికి పోయి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆ గడప నన్ను వదల్లేదు. ఎవరు వచ్చినా అక్క గరాజ్ దాకా తీసుకెళ్లి, పసుపు రాసిన ఆ గడప చూపించి, "ఇది ఆయన చేసింది, ఇది మా తమ్ముడి నిర్వాకం," అని వేలు పెట్టి మరీ చెప్పేది. స్నేహితుల పిల్లలంతా "రోలర్ కోస్టర్ అంకుల్" అని పిలిచేవారు. ఇది చాలదన్నట్టు మొదటి చలికాలంలోనే బావ ఫోన్ చేశాడు: "ఒరేయ్ మహానుభావా, నీ గడప వాన నీళ్లని ఆపిందో లేదో గానీ, కారు మోసుకొచ్చిన మంచు కరిగిన నీళ్లని మాత్రం ఒక్క చుక్క బయటికి పోనివ్వడం లేదు. గరాజ్‌లో పడవ వేసుకోవచ్చు. రాత్రికి గడ్డ కడితే స్కేటింగ్ చేసుకోవచ్చు. రా, చూద్దువుగాని." వెళ్లాను. నేనూ బావా చీపుళ్లు పుచ్చుకుని ఆ నీళ్లను గడప మీంచి ఎగరగొట్టడానికి పడ్డ అవస్థ చూసి అక్క, "నీళ్లు లోపల నిలిస్తే తప్పేముంది, ధనం నిలిచినట్టే," అంది. ఆ నీళ్లలోనే జారి నేను వెల్లకిలా పడ్డాను. బావ ఎంతగా నవ్వాడంటే, నవ్వు వల్ల వణుకుతున్నాడో వణుకు వల్ల వణుకుతున్నాడో తెలియనంతగా నవ్వాడు. ఆ చలికాలమే అక్కకి జబ్బు సంగతి చెప్పక తప్పలేదు. ఆమె విని, ఏడవలేదు, అరవలేదు. మర్నాటి నుంచి ఆయనకి కాఫీ సగం గ్లాసే పోయడం మొదలుపెట్టింది. గడప సంగతి మాత్రం మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది, అనుకున్నాం.

వడ్రంగం బల్ల వచ్చింది. బావ దాని మీద ఒక పీట మొదలుపెట్టి, పూర్తి చేయలేక, ఊరికే రంపాలకు నూనె రాసుకుంటూ మధ్యాహ్నాలు గడిపేవాడు. ఆ కొట్టంలోకి వెళ్లి కూర్చుంటేనే ఆయనకి ఊపిరాడేది. తర్వాత చేతిలో కర్ర వచ్చింది. ఆ తర్వాత చక్రాల వాకర్ వచ్చింది. దాంతో ఆయన మొదటిసారి గరాజ్‌కి బయల్దేరిన రోజు నేనక్కడే ఉన్నాను. కంకర దారి దాటాడు, తలుపు దాటాడు. గడప దగ్గర వాకర్ చక్రం టక్కున ఆగింది. ఎత్తబోయాడు, చేతుల్లో బలం లేదు. నేను సాయానికి వెళితే వద్దని తల ఊపాడు. మళ్లీ ప్రయత్నించాడు. రెండు వేళ్ల ఎత్తు. లక్ష్మి ఎలా వస్తుందని వాదించుకున్నాం గానీ, ఆయన ఎలా వస్తాడని మాలో ఒక్కరమూ అనుకోలేదు. నుదుటికి చెమట పట్టాక, అక్కడే వాకర్ సీటు మీద కూలబడి, లోపలున్న బల్లను చూస్తూ ఉండిపోయాడు.

"కొట్టేద్దాం," అంది అక్క. నేను నమ్మలేదు. ప్రతి శుక్రవారం ఆ గడపకి బొట్టు పెట్టే మనిషి. "సగం కొట్టేస్తే చాలు, ఆయనా వస్తారు, నీళ్లూ పోతాయి. సగం నాకుంటుంది. తేరా సుత్తి."

నేను సుత్తీ ఉలీ తెచ్చాను. ఏ సగమో అడగాల్సిన పని లేదు కదా. వంకర సగం, అంటే లోకం దృష్టిలో నాది. ఉలి దాని మీద ఆనించాను.

"అది కాదు," అన్నాడు బావ. అప్పటికే మాట చాలా మెల్లగా వచ్చేది. "తిన్నగా ఉన్నది కొట్టు."

"ఊరుకో బావా, అది నీ..."

"వంకరది నాది. ఉండనీ."

అక్క వైపు చూడడానికి భయమేసింది. ఆమె మాత్రం వాకర్ పక్కన నిలబడి, ఆయన కాలర్ సరిచేస్తూ, "నాకు తెలియదనుకున్నారా ఇద్దరూ?" అంది. "పసుపు రాసేదాన్ని నేను. రోజూ ఆ కాఫీ గ్లాసు ఎలా తొణికేదో చూసేదాన్ని నేను. అదే వణుకు అంచులో తగిలేది వేలికి. మొదటి శుక్రవారమే తెలిసింది."

"మరి వచ్చినవాళ్లందరికీ నాది నాది అని చూపించి పరువు తీశావు కదే!" అన్నాను.

"నువ్వు మోస్తానన్నావు కదా, మొయ్యనిచ్చాను," అంది అక్క.

నేను నా సగం ముందు మోకాళ్ల మీద కూర్చుని సుత్తి ఎత్తాను. గట్టిగా ఉంటుందని ఒళ్లంతా కూడదీసుకుని కొట్టాను. నాలుగు దెబ్బలకే పాత బిస్కెట్‌లా పొడిపొడిగా లేచొచ్చింది. నా జీవితకాలపు చేతిపని! వెనక నుంచి బావ నవ్వు వినిపించింది.

"మాటిమాటికీ నీళ్లు చల్లి రాశావు కదరా. పైన నునుపు, లోపల పిండి. ఆ రోజే చూశాను."

"చూసి చెప్పలేదేం?"

"చెబితే ఆపేసేవాడివి," అన్నాడు. "ఒక్కసారైనా నిన్ను గెలవనిద్దామని."

ముక్కలు ఎత్తి, చోటు ఊడ్చాం. బావ వాకర్ తోసుకుంటూ, ఎవరూ పట్టుకోకుండా, నా సగం ఉండిన చోటులోంచి లోపలికి వెళ్లి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండేళ్లు అలాగే వెళ్లాడు.

ఆయన పోయాక అక్క ఆ ఇల్లు అమ్మేసి నేపర్‌విల్‌లో మాకు దగ్గర్లోనే అపార్ట్‌మెంట్‌లోకి వచ్చింది. తాళాలు ఇచ్చేముందు మేమిద్దరం చివరిసారి గరాజ్‌లోకి వెళ్లాం. ఆమె మిగిలిన సగానికి పసుపు రాసింది. నేను వంగి (ఇప్పుడు వంగడం కూడా ఒక కార్యక్రమమే) ఆ అలల మీద అరచెయ్యి జరిపి చూశాను. అన్ని చలికాలాలు, మంచు కరగాలని రోడ్ల మీద చల్లే అంత ఉప్పు, అన్ని టైర్లు దాని మీంచి పోయినా ఒక్క పెచ్చు ఊడలేదు. గెలిచిన నా సగం ఏ కంకర గుట్టలో కలిసిందో తెలియదు. ఓడిపోయిన సగం అలాగే ఉంది.

నాకు పదహారో ఏట నుంచీ డైరీ రాసే అలవాటు. మొన్న ఆ రోజు పేజీ తీసి చూశాను. గోళీ కదలని రోజు, ముప్ఫై ఏళ్ల తర్వాత బావ శభాష్ అన్న రోజు కదా, ఎంత పొంగిపోయి రాసుకున్నానో అనుకుంటూ. ఒక్కటే వాక్యం ఉంది: "ఎండ బాగా కాసింది, గాలి లేదు, ఎడమ బూటు పనికిరాదు." పెన్ను తప్ప ఇంకేం పట్టని ఆ చేతికి, ఆ రోజు పెన్ను కూడా పట్టలేదన్నమాట. బావ పోయాక అక్క నాకిచ్చిన ఆ గోళీ ఇప్పుడు నా బల్ల మీదే ఉంటుంది. బల్ల నేనే బిగించాను కాబట్టి, అది దొర్లిపోకుండా కింద ఒక సీసా మూత పెట్టాను.